ఆపా పట్టిన టైఫాయిడ్ అల్లుడు

మొన్న కర్నూలులో ఒక ఆసుపత్రిలో జ్వరంతో పడుకున్నాను. నర్సు వచ్చి మోచేతి మడతలో సూది గుచ్చి రక్తం తీసింది. గొట్టానికి మూత బిగించి, దాన్ని చేతిలో ఆడించుకుంటూ పక్క మంచం వాళ్లతో కబుర్లు మొదలుపెట్టింది. నేను ఉండబట్టలేకపోయాను.

“అమ్మా, దాన్ని అట్ల చేతిల పట్టుకొని నిలబడకు. జల్ది చల్లటి టాంకుల వెయ్యి. లేకుంటె లోపలున్నది పని మార్చుకుంటది.”

ఆ పిల్ల నావైపు ఒకసారి చూసి, నా భార్య వైపు తిరిగి, “సార్‌కు జ్వరం తలకెక్కినట్టుందమ్మా, డాక్టరు గారిని పిలవనా?” అంది.

“జ్వరం గాదు బిడ్డా. గద్వాల యాదికొచ్చింది,” అంది నా భార్య బత్తాయి ఒలుస్తూ.

ఆమె చెప్పింది నిజమే. అది నా మాట కాదు, ఆపా మాట. ఆపా కన్నుమూసి కొన్నేళ్లయింది. పోయినవాళ్లను తలుచుకుంటే గుండె బరువెక్కుతుందంటారు. ఆపా విషయంలో నాకు ఎప్పుడూ అట్లా జరగలేదు. ఆమె గుర్తుకొస్తే లేచి ఎక్కడికో పరుగెత్తాలనిపిస్తుంది. చేతికి సెలైన్ పెట్టి ఉంది కాబట్టి ఆగాను గానీ, ఆ రోజు నా కాళ్లు మంచం మీద ఊరికే ఉండలేదు.

నేను పశువుల డాక్టర్ని. రెండువేల సంవత్సరం దాటి ఆరేడేళ్లు గడిచిన కాలంలో గద్వాల పశువుల దవాఖానలో పనిచేసేవాణ్ని. మనుషుల డాక్టర్లు మా గడప తొక్కడం అరుదు. వచ్చినా పెంపుడు కుక్కకు సూది వేయించడానికే వచ్చేవాళ్లు. అప్పుడు కూడా కారు దిగకుండా కంపౌండరును కేకేసేవాళ్లు. వాళ్లు మమ్మల్ని చూసే చూపు నాకు బాగా తెలుసు. అందుకని నేను కూడా వాళ్లకు నమస్కారం కాస్త ఆలస్యంగానే పెట్టేవాణ్ని.

ఒక పొద్దున నేను బర్రె నోట్లో వెదురు గొట్టంతో మందు పోస్తున్నాను. నలభై దాటిన ఒకావిడ గేటు తోసుకుని లోపలికి వచ్చింది. చున్నీ కొంగును నడుముకు బిగించి కట్టింది. ముక్కు మూసుకోలేదు, పేడ చూసి పక్కకు తప్పుకోలేదు. నేరుగా బర్రె తల దగ్గరికి వచ్చి, దాని నుదుటి మీద అరచెయ్యి తిరగేసి పెట్టింది.

“జ్వరమైతె లేదు,” అంది.

“అది జ్వరానికి రాలేదమ్మా. కడుపుబ్బి వచ్చింది,” అన్నాను చిరాగ్గా. “మీ కుక్క ఎక్కడుంది?”

“కుక్క లేదు డాక్టర్ సాబ్. నాకు జర చలి కావాలె. మీ తాన ఉందన్నరు.”

చలి మా దగ్గర ఉన్నమాట నిజం. మేలుజాతి ఎద్దుల వీర్యాన్ని ద్రవ నత్రజనిలో దాచిపెడతాం. మూత తీస్తే తెల్లటి పొగ బుసబుసా పైకి వస్తుంది. గద్వాల మొత్తంలో దానికన్నా చల్లటి వస్తువు లేదు. మా అటెండర్లు నాకన్నా ఆ టాంకునే ఎక్కువ గౌరవించేవాళ్లు.

“మీకు ఎన్ని బర్రెలున్నాయి?” అని అడిగాను.

“ఒక్కటి గూడ లేదు. నాకు టైఫాయిడ్‌ కోసం కావాలె.”

ఆమె దాణా బస్తా మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. ఊరు వనపర్తి. నాన్నకు అక్కడ సైకిళ్ల దుకాణం. ఆమె డాక్టరు చదివి, హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో చేరింది. టైఫాయిడ్ క్రిమి మనిషి రక్తంలో ఉన్నప్పుడు ఏం పని చేస్తుందో, దాని జన్యువుల్లో ఏవి తెరుచుకుంటాయో, ఏవి మూసుకుంటాయో తెలుసుకోవాలని ఆమె తపన. అందుకే రోగులకు దగ్గరగా ఉందామని గద్వాలలో గది అద్దెకు తీసుకుంది. అప్పటిదాకా తెలిసిందంతా బుడ్డిలో రసం పోసి పెంచిన క్రిమిని చూసి, లేదా ఎలుకల్లో దాని చుట్టాన్ని చూసి చెప్పిందే. అసలు క్రిమికి మాత్రం ఎలుక వద్దు, మనిషే కావాలి.

“అల్లుడు బజార్ల కనవడ్తె ఏం తెలుస్తది డాక్టర్ సాబ్? తలకాయ దించుకొని, మంచిగ నమస్తె వెట్టి పోతడు. అత్తగారింట్ల ఎట్లుంటడో చూడాలె. ఏం తింటుండు, యాడ పంటుండు, ఎవలతోని కొట్లాడుతుండు. మేం ఇన్నేండ్ల సంది బజార్ల చూసి కథలు చెప్తున్నం.”

“అయితే రక్తం తీసి చూసుకోండి. చలి ఎందుకు?”

“రక్తం బయటికి రాంగనె అల్లునికి తెలిసిపోతది, ఇది అత్తగారిల్లు గాదని. నిమిషాలల్ల వేషం మారుస్తడు. చేసే పని బంద్ వెట్టి ఇంకో పని అందుకుంటడు. వాడు మారకముందె, ఏ పని మీదున్నోడు ఆ పని మీదనె బిగుసుకపోవాలె. హైదరాబాద్‌ల పొడిమంచు, గదే డ్రై ఐస్, ఇస్తరు. అది గద్వాల బస్టాండుకు వచ్చేసరికి గాలిల కలిసిపోతుంది. ఏం జెయ్యను చెప్పుండ్రి.”

ఒక మనుషుల డాక్టరు నా దగ్గర దాణా బస్తా మీద కూర్చుని, ఏం జెయ్యను చెప్పుండ్రి అని అడిగింది. టాంకు మా తాతలు సంపాదించి ఇచ్చిన ఆస్తి అయినట్టు అక్కడికక్కడే మాట ఇచ్చేశాను. పై అధికారికి ఏం చెప్పుకున్నానన్నది ఇప్పుడు మనకు అనవసరం.

మా దగ్గర కిష్టన్న అని గోపాలమిత్ర ఉండేవాడు. చిన్న నత్రజని డబ్బా మోటారుసైకిలుకు కట్టుకుని ఊరూరా తిరిగి, ఎదకొచ్చిన ఆవులకు, బర్రెలకు ఆ వీర్యం ఎక్కించేవాడు. మనుషుల రక్తం తన ఎద్దుల పక్కన చేరుతుందని వినగానే అతనికి చెమట పట్టింది.

“మేడం, రెండూ కలిసిపోతె? రేపు బర్రెకు టైఫాయిడ్ దూడ పుడ్తె ఊరోళ్లు నన్ను కట్టేసి కొడ్తరు.”

నేను పగలబడి నవ్వాను. ఆమె నవ్వలేదు. సీలు వేసే గొట్టాలు తీసి అతని చేతికిచ్చింది. వాటిని ఉంచే గిన్నె వేరు, ఎద్దుల గిన్నె వేరు అని ఓపికగా చూపించింది. ఆ తర్వాత అంది, “కిష్టన్నా, నీ ఎద్దులు దానికి అక్కర్లేదు. దానికి మనమే కావాలె. గంత ప్రేమ మనమంటె.”

ఆ రోజు నుంచి కిష్టన్న ఆమెను ఆపా, అంటే అక్కా, అని పిలిచాడు. అతన్ని చూసి అటెండర్లు, వాళ్లను చూసి నేను అట్లాగే పిలిచాం.

ఆపాకు ఇచ్చిన గడువు ఆ వానాకాలం వరకే. ఆలోగా మంచి రక్తం ఒక్కటైనా దొరక్కపోతే పని మూసేయమని పైవాళ్లు చెప్పారు. మంచి రక్తం అంటే ఇంకా మందు పడని రోగిది. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. మా పాలమూరులో అదెంత కష్టమో అప్పుడు తెలిసింది. మావాళ్లకు ఒళ్లు వెచ్చబడితే చాలు, వీధి చివర సూది డాక్టరు దగ్గరికి పోతారు. ఆపా దగ్గరికి వచ్చేసరికి అల్లుడు సగం చచ్చి ఉంటాడు. పైగా చెంచాడు రక్తంలో క్రిములు పట్టుమని పది కూడా ఉండవట.

నాగర్‌కర్నూల్ దవాఖాన నుంచి ఒకసారి కబురొచ్చింది. కోడేరు దగ్గర ఒక రైతుకు వారం నుంచి జ్వరం, మందేమీ వాడలేదని. ఆపా, నేను, కిష్టన్న డబ్బాతో సహా తెల్లవారకముందే జీపులో బయలుదేరాం. దారి పొడవునా ఆమె మాట్లాడుతూనే ఉంది. ఆ రైతు చక్కగా తల దువ్వుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆపా రక్తం తీసింది, కిష్టన్న పొగలోకి వదిలాడు. మూత పడింది. అప్పుడు రైతు భార్య సంతోషంగా చెప్పింది.

“నిన్న రెండు సూదులు ఏపిచ్చినం మేడం. పట్నం డాక్టరమ్మ అంత దూరం నుంచి వస్తుంటె, మనిషి మూలుక్కుంట పండుకొనుంటె ఏం మర్యాద అని.”

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆపా ముందు నోరు తెరిచింది, తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి అరుగు మీద కూలబడింది. ఆ ఇల్లాలికి సంగతి తెలియకపోయినా ఆమె కూడా నవ్వింది. జొన్నరొట్టె పెట్టింది. చెంబుతో నీళ్లిచ్చింది. ఆపా గడగడా తాగేసింది.

తిరిగి వచ్చేటప్పుడు కోపం పట్టలేక అడిగాను. “నీళ్లు కాచుకొని తాగమని ఇంటింటికీ చెప్తారు. మీరేమో ఎవరి చెంబు ఇస్తే ఆ చెంబు ఎత్తుతారు. టైఫాయిడ్ నీళ్లలో వస్తుందని మీరే కదా అంటారు?”

“గా మాట నిజమె. గని వాళ్లింటికి పోయి, మీ నీళ్లు నాకొద్దంటె, ఆ చెయ్యి నాకు రక్తమిస్తదా డాక్టర్ సాబ్? మీరు ఇస్తరా?”

నేను ఇవ్వను. మా ప్రాంతంలో ఎవరూ ఇవ్వరు. ఇంటికొచ్చిన మనిషి నీళ్లు ముట్టకపోతే, ఆ ఇంటిని ముట్టనట్టే లెక్క. అందుకని డ్రైవర్ని తిట్టాను.

ఆ తర్వాత పద్మమ్మ దొరికింది. గద్వాలలో నేతగాళ్ల వీధి. ఎవరిదో పెళ్లి చీర ఒప్పుకుని, అది పూర్తిచేసి మగ్గం మీంచి కోసేదాకా దిగనని జ్వరంతోనే జరీ అంచు నేస్తోంది. సూది డాక్టరు దగ్గరికి పోయే తీరిక కూడా దొరకలేదట. ఆపాకు పండగైంది. టాంకును ఆటోలో వేసుకుని మేం వెళ్లేసరికి వీధంతా మగ్గాల చప్పుడు. మమ్మల్ని చూడగానే ఒక్కో ఇంట్లో చప్పుడు ఆగిపోయి, జనం గడపల్లోకి వచ్చారు.

“నా రక్తంతోని ఏం జేస్తవ్ ఆపా?” అని అడిగింది పద్మమ్మ, మగ్గం గుంతలోంచి కాళ్లు బయటికి తీస్తూ.

“ఈ గల్లీల మగ్గాలెన్ని ఉన్నయంటె ఇల్లిల్లు తిరిగి లెక్కవెట్టొచ్చు. గని ఇయ్యాల ఎవలు నేస్తున్నరో తెల్వాలంటె సప్పుడు ఇనాలె. నీకు జ్వరం తెచ్చినదాని లోపల గూడ గట్లనె మగ్గాలున్నయి. ఏది ఆడుతుందో, ఏది ఆగిందో ఇందామని.”

“మరి మీరు రాంగనె మేమందరం మగ్గాలు ఆపి బయటికొచ్చినం గద. అది గూడ గట్లనె ఆపుతది గద?”

“గట్లనె ఆపుతది. అచ్చం గట్లనె.” ఆపా తొడ చరిచింది. “అందుకె ఈ సార్ టాంకు తెచ్చిండు.”

నేను హుషారుగా టాంకు మూత తీశాను. పొగ రాలేదు. కట్టె పుల్ల ముంచి చూస్తే అడుగున తడి కూడా లేదు. ఎక్కడో సన్నటి పగులు పడి, నత్రజని అంతా రాత్రికి రాత్రే గాలిలో కలిసిపోయింది. కిష్టన్న చిన్న డబ్బాతో ఊళ్ల మీదికి పోయాడు. సాయంత్రం గానీ రాడు.

“సాయంత్రందాక ఆగుత ఆపా,” అంది పద్మమ్మ. “ఇన్ని దినాలు ఆగిన. ఒక్క పూటకేమైతది.”

ఆపా ఆమె కడుపు మీద చెయ్యి పెట్టి నెమ్మదిగా నొక్కింది. పద్మమ్మ మొహం ముడుచుకుపోయింది. ఆపా ఇంకో మాట లేకుండా సంచిలోంచి గోలీ తీసి ఆమె నోట్లో పెట్టింది.

“రక్తం వద్దా మరి?”

“రక్తం ఇంకెవలన్న ఇస్తరు. నీ పేగుకు చిల్లి వడ్తె నేను కుట్టలేను. మింగు.”

పద్మమ్మను దవాఖానలో చేర్చి తిరిగి వస్తూ ఆపా నా స్కూటరు ఎక్కింది. రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు, “చేతికి చిక్కిండు డాక్టర్ సాబ్. చిక్కి జారిండు,” అంది. గేటు తెరిచేలోపల మళ్లీ ఏ ఊరు పోదామా అని మొదలుపెట్టింది. ఆమె ఏ రోగినీ తన పని కోసం ఒక్క పూట కూడా ఆపలేదు. అట్లా వదులుకున్నవి ఇంకా ఉన్నాయి.

టాంకును మరమ్మతుకు హైదరాబాద్ పంపాం. వానలు వెనకబడుతున్నాయి. గడువు దగ్గరపడుతోంది. ఆపా కొన్నాళ్లుగా మా వైపు రాలేదు. పని మీద తిరుగుతోందనుకున్నాను. ఒక పొద్దున ఫోన్ మోగింది. గొంతు గంట కొట్టినట్టుంది.

“డాక్టర్ సాబ్, దొరికిండు. అల్లుడు దొరికిండు.”

“ఎవరింట్లో?”

“మా ఇంట్లనె. నాకె వచ్చింది.”

నేను స్కూటరు ఎట్లా తీశానో తెలియదు. ఆమె అద్దెగదిలో దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. పెదవులు పగిలిపోయాయి, నాలుక తెల్లగా పూత పూసింది. కళ్లు మాత్రం వెలుగుతున్నాయి. తన రక్తం తానే తీయించుకుని బుడ్డిలో పెంచి చూసుకుంది. క్రిమి మొలిచింది. అన్ని రోజులూ ఒక్క గోలీ కూడా మింగలేదు. పద్మమ్మ పక్కన కూర్చుని గంజి చల్లారుస్తోంది. తన ఒళ్లు కుదుటపడ్డప్పటి నుంచి ఆమె రోజూ వచ్చి ఆపాకు ఇంత వండిపెట్టి పోయేది.

“టీకా వేసుకోలేదా మీరు?” అని అరిచాను.

“ఎప్పుడో ఏసుకున్న. దాని తాకత్ అయిపోయినట్టుంది. గా ముచ్చట మల్ల. నాకంటె మంచి రక్తం ఈ పాలమూరుల దొరకదు. కిష్టన్న డబ్బ తేండ్రి.”

“ముందు గోలీ వేసుకోండి.”

“డబ్బ రాంగనె ఏసుకుంట.”

“పద్మమ్మకు ఒక్క పూట కూడా ఆగనివ్వలేదు కదా?”

“ఆమె నన్ను నమ్మి పండుకుంది. ఇది నా ఒళ్లు. నా ఇష్టం.” తర్వాత బతిమాలింది. “పోండ్రి డాక్టర్ సాబ్. జల్ది పోండ్రి.”

వెళ్లాను. మరేం చేసేది? కిష్టన్న బీచుపల్లి వైపు ఊళ్లకు పోయాడని అటెండరు చెప్పాడు. ఫోన్ చేస్తే సిగ్నల్ లేదు. ఎర్రవల్లి చౌరస్తా దాటి హైవే ఎక్కాను. లారీలు ఒక్కోటీ చెవి పక్క నుంచి పోతున్నాయి. నా స్కూటరుకు అంత వేగం ఉందని నాకే తెలియదు. బీచుపల్లి ఆంజనేయస్వామికి బండి ఆపకుండానే ఒక చేత్తో దండం పెట్టాను. నాలుగు పశువుల కొట్టాలు వెతికాక, అయిదో దాంట్లో కిష్టన్న చేతికి తొడుగు వేసుకుని ఆవు వెనక నిలబడి కనిపించాడు.

“కిష్టన్నా, డబ్బా ఇవ్వు. ఆపాకు కావాలి.”

“ఇస్త సార్. ఈ ఆవు ఎద మీదుంది. ఇప్పుడు తప్పితె మల్ల మూడువారాలు. గీ రైతు కాళ్లు మొక్కి పిలిచిండు.”

నేను పశువుల డాక్టర్ని. ఆవును ఆపు అనలేను. అక్కడ ఆపా, ఇక్కడ ఆవు. కొట్టంలో అటూ ఇటూ తిరుగుతూ కిష్టన్నను, రైతును, ఎదకొచ్చిన ఆ ఆవును వరసగా తిట్టాను. అతని పని అయిపోగానే డబ్బాను కాళ్ల మధ్య పెట్టుకుని వెనక్కి తిప్పాను.

గదిలోకి వెళ్లేసరికి ఆపా గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పద్మమ్మ మంచం పట్టె మీద కూర్చుని ఉంది. చేతిలో ఖాళీ గ్లాసు.

“మింగిపిచ్చిన సార్,” అంది పద్మమ్మ. “కడుపు వట్టుకొని మెలికలు తిరుగుతుంది. అయినా సార్ వస్తడు, సార్ వస్తడు అంటది. నాకు ఆగనియ్యలె గద నువ్వు, నీ పేగు ఏమన్న ఇనుపదా అన్న. దవడ వట్టి గోలీ ఏసిన. తప్పయితె తిట్టుండ్రి.”

“పోలీసోళ్ల లెక్క వట్టింది డాక్టర్ సాబ్,” అంది ఆపా గోడకేసి తిరిగే.

నేను డబ్బా మూత తీశాను. ఎందుకు తీశానో తెలియదు. తెల్లటి పొగ మంచం దాకా వచ్చింది. ఆపా ఇటు తిరిగి ఆ పొగను చూసింది. కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. నాకు దుఃఖం వచ్చింది. పద్మమ్మ మీద కోపం కూడా వచ్చింది, అబద్ధమెందుకు చెప్పాలి.

ఆ కోపం మర్నాటికే పోయింది. దవాఖానలో చేర్చిన తర్వాత ఆపాకు పేగులోంచి రక్తం పోయింది. మందు ఇంకో పూట ఆలస్యమై ఉంటే మనిషి దక్కేది కాదని అక్కడి డాక్టరు చెప్పాడు. బయట వరండాలో ఆ మాట విని, పద్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడ్చి ఊరుకోలేదు. తన మూలంగా ఆపా పని పాడైందని ఆమెకు తెలుసు. ఆ సాయంత్రం నుంచే తన వీధిలో ఇల్లిల్లూ తిరిగింది.

“జ్వరమొస్తె సూది డాక్టరు తానికి పోకుండ్రి. ముందుగాల పశువుల దవాఖానకు పోండ్రి. ఆడ సార్ ఉంటడు, టాంకు ఉంటది. చెంచాడు రక్తమియ్యండ్రి, తర్వాత గోలీ మింగుండ్రి. నేను బతికింది ఆమెతోనె.”

ఇంక మా దవాఖాన చూడాలి. మరమ్మతైన టాంకు తిరిగి వచ్చేసరికి గుంజలకు బర్రెలు, వాటి పక్కన బెంచీ మీద దుప్పట్లు కప్పుకున్న మనుషులు. కొందరికి జలుబు, కొందరికి మలేరియా. ఒకాయనకు పన్నునొప్పి. పశువుల డాక్టరుకు మనుషుల వరస అని ఊళ్లో నవ్వుకున్నారు. నవ్వితే నవ్వారు. నాకు మాత్రం ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆపా కూడా వచ్చింది, మనిషి సగమై. నడిస్తే ఆయాసం, కానీ నోటికి ఆయాసం లేదు. వచ్చిన ప్రతివాళ్ల నుదుటి మీదా చెయ్యి తిరగేసి పెట్టి, “నువ్వు గాదు, నువ్వు గాదు,” అంటూ మనుషుల దవాఖానకు పంపించేది.

గడువు అయిపోవస్తున్న రోజుల్లో పద్మమ్మ తన మరిదిని చెయ్యి పట్టుకుని తెచ్చింది. బాగా నేత పని తెలిసిన, పెళ్లయిన మనిషి. కొన్నాళ్లుగా జ్వరం దిగడం లేదు. వదిన మాటకు కట్టుబడి సూది వేయించుకోలేదు. ఆపా అతని నుదురు ముట్టుకుంది. కళ్లు చూసింది. నాలుక చూసింది. చున్నీ కొంగు నడుముకు బిగించింది.

“కూసో తమ్మి.”

అప్పుడు వరసలో ముందున్నది కొడవళ్ల లాంటి కొమ్ములున్న ఒక బర్రె. దాని యజమాని తనంతట తానే దాన్ని పక్కకు లాక్కున్నాడు.

“మా బర్రె ఆగుతది. మీరు కానియ్యండ్రి.”

ఎందుకు తీస్తున్నదీ అతనికి వివరంగా చెప్పి, సరేనన్నాకే ఆపా సూది గుచ్చింది. కిష్టన్న మూత తీశాడు. రక్తం గొట్టంలోకి రావడం, సీలు పడటం, పొగలో మునగడం అంతా ఒక్క ఊపిరిలో అయిపోయింది. బర్రెలు కూడా చప్పుడు చేయలేదని నాకు గుర్తు. నేను కల్పించుకుని ఉండవచ్చు. మూత పడగానే పద్మమ్మ గోలీ, నీళ్లు అందించింది. “మింగు మింగు,” అని అక్కడున్న అందరం ఒకేసారి అన్నాం.

విడిగా ఒక బుడ్డిలోకి తీసిన రక్తంలో క్రిమి మొలిచింది, అంటే అది టైఫాయిడే. ఆ వారమే ఆపా మాకు నత్రజని తెచ్చే బండిలో, టాంకు పక్కనే కూర్చుని హైదరాబాద్ వెళ్లిపోయింది. డ్రైవరు పక్కన ఖాళీ ఉందన్నా వినలేదు.

నెలలు గడిచాయి. ఎప్పుడో ఒకసారి ఫోన్ చేసేది. మనిషి రక్తపు గోలలో ఆ పిడికెడు క్రిముల చప్పుడు విడదీయడం బీచుపల్లి జాతరలో ఒక్క దొంగను పట్టడం లాంటిదని, ఇంకా కావడం లేదని చెప్పేది. తర్వాత ఫోన్లు కూడా తగ్గాయి. పని అయ్యేది కాదులే అనుకున్నాను నేను. ఆ మాట పద్మమ్మకు చెప్పే ధైర్యం లేక, ఆ వీధి వైపు పోవడం మానేశాను.

ఒక మధ్యాహ్నం దవాఖానలో బర్రె ఈనలేక అవస్థ పడుతోంది. దూడ అడ్డం తిరిగింది. నా చెయ్యి భుజం దాకా లోపలుంది. జేబులో ఫోన్ మోగడం మొదలుపెట్టి ఆగనే ఆగదు. బర్రె యజమాని దాన్ని తీసి నా చెవికి ఆనించాడు.

“డాక్టర్ సాబ్, ఇనవడ్డది.”

“ఏంటి ఆపా?”

“అల్లుని సప్పుడు. గద్వాల మనిషి రక్తంల. బుడ్డిల ఎన్నడు ఆడని మగ్గాలు ఆడుతున్నయి డాక్టర్ సాబ్. మనం అనుకున్నట్టు వాడు లోపల రాజ్యమేలుతలేడు. శాన పరేషాన్‌ల ఉన్నడు. మన ఒళ్లు ఇనుము దొరకకుండ దాచివెడ్తుంది, వాడు గిన్నె గిన్నె ఎతుకుతుండు. మన కణాలు యాసిడ్ లెక్క పులుసు పోసి కాలుస్తుంటె, పైన తోలు మందం చేసుకుంటుండు. పేరు గూడ తెల్వని జన్యువులు కొన్ని ఆడుతున్నయి. అవి ఏం నేస్తున్నయో దునియల ఎవలికి తెల్వదు. ఇగ అవి చూడాలె. ఒక్కొక్కటి చూడాలె...”

లోపల దూడ ముందుకాలు నా వేళ్లకు అందింది. ఇక్కడ ఇది, చెవిలో అది. ఆమె చెప్తూ చెప్తూ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆపా మాట మధ్యలో ఆగిపోవడం నాకు అలవాటు లేదు.

“ఆపా? ఉన్నారా?”

“ఉన్న.” ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. “పద్మమ్మ ఆ పొద్దు దవడ వట్టకపోతె, నా రక్తం మీ డబ్బల ఉంటుండె. నేను ఉండకపోతుంటి. ఈ సప్పుడు ఇంకెవలో ఇంటుండె డాక్టర్ సాబ్. పోయి ఆమెకు చెప్పుండ్రి. ఫోన్ల గాదు. పోయి చెప్పుండ్రి.”

“ఎవరు సార్?” అన్నాడు బర్రె యజమాని, ఫోన్ పట్టుకున్న చెయ్యి మార్చుకుంటూ.

“మా ఆపా,” అన్నాను.

దూడను సరిచేసి, బయటికి లాగి, తల్లి ముందు పెట్టాను. అది తుమ్మింది, తల్లి నాకడం మొదలుపెట్టింది. అటెండరు వేడినీళ్లు తెచ్చేదాకా ఆగలేదు. భుజం దాకా తడి ఆరని చేతితోనే స్కూటరెక్కాను. నేతగాళ్ల వీధిలో హారన్ కొట్టుకుంటూ పోయి, బండికి స్టాండు కూడా వేయకుండా పద్మమ్మ గడపలో నిలబడి గట్టిగా చెప్పాను.

“పద్మమ్మా, ఆపాకు ఇనవడ్డదంట.”